చెన్నైలో కారు కవరు: వాన కంటే చెమ్మతోనే చిక్కు

చెన్నైలో కారు కవరు కొనాలనుకున్నవారు చాలామంది మౌంట్ రోడ్డు పక్కనున్న జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళతారు. కార్ల సామగ్రి దుకాణాలు వరుసగా ఉండే ఆ వీధిలో కొనేవారు ముందుగా అడిగేది ఒకటే: నీళ్లు దిగుతాయా? అమ్మేవారు గుడ్డను గుంటలా పట్టి, సీసాలోని నీళ్లు అందులో పోసి, కింద చుక్కైనా కారడం లేదని చూపిస్తారు. బేరం కుదిరిపోతుంది. ఆ పరీక్షలో మోసమేమీ లేదు. అయితే చెన్నైలాంటి ఊళ్లో దానికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. బయటి నీటిని ఆపే ఆ గుడ్డ లోపల చేరిన తేమను బయటికి పోనిస్తుందా? ఇది అడిగేవారు తక్కువ, చూపించే దుకాణాలు ఇంకా తక్కువ. కవరు వేసి కూడా కారు రంగు పాడైందని బాధపడేవారి ఇబ్బందికి మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

నిజానికి కారు వానకు తడవడానికి సిద్ధమై వచ్చిన వస్తువు. కర్మాగారంలో ఉక్కు చట్రాన్ని రసాయన తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పును ఆపే పూత ఎక్కిస్తారు. దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోట్ వేస్తారు. ఇన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు ఉంటాయి. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవై అయిదో వంతు. కారు మెరుపంతా ఆ పలుచని పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కూడా చాలావరకు అందులోనే ఉంటాయి. గంటసేపు కుండపోతగా కురిసినా వాన ఈ పొరను ఏమీ చేయదు. గాలీ ఎండా తగిలితే కారు కాసేపట్లో ఆరిపోతుంది. ఇబ్బంది పెట్టేది ఆరకుండా నిలిచిపోయిన తడి. రోజుల తరబడి తడిగుడ్డ అంటుకుని ఉన్న చోట క్లియర్ కోట్ మెల్లగా నీరు పీల్చుకుంటుంది. మొదట తెల్లటి మసక, తర్వాత మచ్చలు, ముదిరితే చిన్న చిన్న పొక్కులు వస్తాయి. రాయి తగిలి రంగు పెచ్చు లేచిన చోట తుప్పు మొదలవుతుంది. తలుపుల రబ్బరు అంచుల్లో బూజు పడుతుంది.

తడి ఎటునుంచి వస్తుంది

కవరు కిందికి తడి చేరడానికి వానే కురవనక్కరలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు చెన్నైలో తెల్లవారుజామున గాలిలో తేమ 75 శాతానికి పైనే ఉంటుంది. రాత్రిపూట ఆరుబయట నిలిపిన కారు పైకప్పు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. అప్పుడు గాలిలోని తేమ దాని మీద మంచుగా దిగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో చినుకు పడకపోయినా ఉదయానికి కార్ల అద్దాలు తడిసి ఉండేది ఇందుకే. కవరు వేస్తే ఆ మంచు కవరు పైభాగాన పడుతుంది, అంతవరకు మేలే. నేల నుంచి వచ్చే తేమ సంగతి వేరు. వానకు నానిన మట్టి, వాకిట్లో చల్లిన కళ్లాపి, అపార్టుమెంటులో నేల కడిగిన నీళ్లు, ఇవన్నీ కారు కింద ఆవిరై పైకి లేస్తాయి. కవరు గుడ్డ గాలి ఆడనిదైతే ఆ ఆవిరికి దారి ఉండదు. రాత్రికి కవరు చల్లబడగానే దాని లోపలి వైపు బొట్లు కట్టి రంగు మీదికి దిగుతుంది. పొద్దున ఎండకు మళ్లీ ఆవిరవుతుంది, రాత్రికి మళ్లీ నీరవుతుంది. నవంబరులో వారం రోజులు ప్లాస్టిక్ కవరు కింద ఉన్న కారును విప్పి చూస్తే, పైనుంచి ఒక్క చుక్క దిగకపోయినా ఒళ్లంతా తడిసి కనబడడం ఇలాగే జరుగుతుంది.

సముద్రం దగ్గర దీనికి ఉప్పు తోడవుతుంది. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్, శాంథోమ్, ఈస్ట్ కోస్ట్ రోడ్డు వెంట ఉన్న కాలనీల్లో అలల తుంపర నుంచి లేచిన ఉప్పు గాలిలో కొట్టుకొచ్చి కార్ల మీద పేరుకుంటుంది. ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే, అది గాలి నుంచే నీరు లాక్కుని తనంతట తానే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు అందులో సగం తేమ కూడా అక్కరలేదు. అంటే తీరం దగ్గర కారు మీద పేరుకున్న ఉప్పు దాదాపు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. దాన్ని కడగకుండా కవరు కప్పడమంటే ఉప్పునూ చెమ్మనూ కలిపి కారుకు కట్టిపెట్టడమే. పైగా కవరు కాచేది పైభాగాన్ని. తుప్పు ముందుగా పట్టే చక్రాల గూళ్లు, తలుపుల అడుగు అంచులు, కింది అతుకులు కవరు ఉన్నా గాలికి తెరుచుకునే ఉంటాయి. తీరం నుంచి లోపలికి వచ్చేకొద్దీ గాలిలో ఉప్పు త్వరత్వరగా తగ్గిపోతుంది కాబట్టి అన్నానగర్‌లోనో పోరూరులోనో ఉండేవారికి ఈ బెడద అంతగా లేదు. బీసెంట్ నగర్‌లో ఉండేవారికి మాత్రం వారానికోసారి కారు అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించుకోవడం ఖరీదైన కవరు కంటే ఎక్కువ మేలు చేస్తుంది. తీరం వీధుల్లో బోరు నీళ్లే ఉప్పగా ఉండే ఇళ్లున్నాయి. ఆ నీళ్లతో కడిగితే చేసిన పనంతా వృథా.

అసలు కవరు ఎవరికి కావాలి

ఇంత చెప్పాక కవరు వద్దనే అనిపించవచ్చు. అది సరి కాదు. ఎండ విషయంలో కవరు చేసే సేవకు సాటి లేదు. చెన్నై ఇంచుమించు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో మరోసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. అందుకే ఇక్కడి కార్లలో ముందు వెలిసిపోయేవి పైకప్పు, బానెట్టు. పక్క తలుపులు వాటికంటే ఎక్కువ కాలం మెరుస్తూ ఉంటాయి. తమిళులు అగ్ని నక్షత్రం అనీ, మనవాళ్లు కర్తరి అనీ పిలిచే మే నెల రోజుల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. 2003 మే 31న నగరంలోని నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 45 డిగ్రీలు నమోదైంది. అది నీడలో కొలిచిన వేడి. ఎండలో నిలిచిన నల్లకారు బానెట్టు 70 డిగ్రీల దరిదాపుకు చేరగలదు. హెడ్‌లైట్ల పాలీకార్బనేట్ పసుపెక్కడం, నల్లటి ప్లాస్టిక్ అంచులు బూడిదరంగుకు తిరగడం, డాష్‌బోర్డు బీటలు వారడం, అన్నీ ఈ ఎండ పనులే. పైన మిద్దె గానీ పక్కన చెట్టు గానీ లేని ఆరుబయట రోజంతా నిలిచే కారుకు వెండిరంగు కవరు నిజంగా అవసరం.

చెట్టు కింద నిలిపేవారిది ఇంకో రకం కష్టం. చెన్నై పాత వీధుల్లో నీడనిచ్చే నిద్రగన్నేరు, కానుగ, వేప చెట్ల కింద స్థలం దొరకడమే అదృష్టమనుకుంటారు. ఆ కొమ్మల మీద కాకులు, పావురాలు కూడా ఉంటాయి. పక్షి రెట్టలోని ఆమ్లం వల్లే రంగు తినేస్తుందని సాధారణంగా అనుకుంటారు గానీ, వేడి పాత్ర కూడా అందులో ఎక్కువే. ఎండకు క్లియర్ కోట్ మెత్తబడి కొద్దిగా ఉబ్బుతుంది. దాని మీద రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడినప్పుడు క్లియర్ కోట్ ఆ గట్టిపడ్డ పెచ్చు ఆకారానికి అనుగుణంగా ముడుచుకుంటుంది. కడిగినా పోని మచ్చ మిగిలేది అందుకే. మామిడి చెట్టు కింద నిలిపితే పూత సమయంలో తేనెమంచు పురుగు వదిలే జిగురు కారు నిండా పడుతుంది, ఆ జిగురు మీద నల్లటి బూజు పెరుగుతుంది. ఇలాంటి చోట కవరు వేసుకోవడంలో రెండో ఆలోచన అక్కరలేదు. సిరామిక్ కోటింగ్ చేయించాం కాబట్టి కవరు వద్దనుకునేవారున్నారు. ఆ పూత మందం మహా అయితే కొన్ని మైక్రాన్లు. దుమ్ము అంటుకోకుండా, నీరు జారిపోయేలా చేయడంలో అది బాగా పనిచేస్తుంది. మండుటెండలో రెండు రోజులు అలాగే వదిలేసిన రెట్ట నుంచి మాత్రం కాపాడలేదు.

ఇక అపార్టుమెంట్ల కింద, స్తంభాల మధ్య కారు నిలిపేవారు. చెన్నైలో కారున్న తెలుగు కుటుంబాల్లో, ముఖ్యంగా పెరుంగుడి, షోలింగనల్లూరు, వేలచ్చేరి వైపు ఐటీ ఉద్యోగాలు చేసేవారిలో చాలామంది ఇలాంటివారే. వీళ్లకు రోజూ కవరు దండగ. పైన శ్లాబు ఉంది కాబట్టి ఎండ లేదు, మంచు దిగదు, పక్షుల బెడదా తక్కువే. రోజూ రెండుసార్లు కవరు వేయడం, తీయడంలో దుమ్ము రాపిడికి పడే గీతలే అక్కడ పెద్ద నష్టం. ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని పాత భవనాల్లో శ్లాబు పగుళ్ల నుంచి వాననీరు కారుతూ ఉంటుంది. కాంక్రీటు గుండా దిగిన నీటిలో సున్నం ఉంటుంది. ఆ చుక్కలు కారు మీద ఎండితే తెల్లటి మచ్చలు పడతాయి, ఆలస్యం చేస్తే క్లియర్ కోట్‌నే తినేస్తాయి. అలాంటి చోట కవరు వేయడం కంటే కారును నాలుగడుగులు పక్కకు జరపడం, శ్లాబు మరమ్మతు గురించి సంఘంలో గట్టిగా అడగడం మేలు.

రోజూ తిరిగే కారుకు అక్కరలేని కవరు, కదలకుండా నిలిచిపోయే కారుకు కావలసి వస్తుంది. సంక్రాంతికి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి నెల్లూరుకో విజయవాడకో వెళ్లి పది రోజులకు తిరిగొచ్చే ఇళ్లలో, వేసవి సెలవులకు పిల్లలతో ఊరెళ్లి నెల దాటిపోయే ఇళ్లలో ఈ అవసరం ఏటా వస్తుంది. స్తంభాల కింద అయితే పలుచని నూలు గుడ్డ చాలు. వీధిలో నిలిపి వెళ్లేవారికి మాత్రం గుడ్డ ఎంపిక జాగ్రత్తగా చేయాలి. పెరంబూరు లాంటి చోట్ల రైలు పట్టాలు, వర్క్‌షాపుల పక్కన నిలిపే కార్ల మీద సన్నటి ఇనుప రజను పడుతుంది. అది తడి తగిలి నారింజరంగు చుక్కలుగా మారుతుంది. తెల్లకారున్నవారు దాన్ని ముందే గమనిస్తారు, మిగతావారికి ఆలస్యంగా తెలుస్తుంది. ఎన్నూరు, మనలి వైపు ఉండేవారికి బొగ్గు, బూడిద దుమ్ము ఉండనే ఉంది.

గుడ్డలో తేడా

దుకాణంలో అన్నిటికంటే చవకగా దొరికేది పీవీసీ అనే ప్లాస్టిక్ షీటు. చూడ్డానికి దళసరిగా, నమ్మకంగా కనబడుతుంది. నీళ్ల పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది. చెన్నైలో ఆరుబయట కారుకు వాడకూడనిది కూడా అదే. ఆవిరిని అది బొత్తిగా పోనివ్వదు. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్లు ఎండ వేడికి పైకి ఊరుతాయి. షీటు రంగుకు అతుక్కుంటుంది, కొన్నాళ్లకు తానే గట్టిపడి చిట్లిపోతుంది. ధర తక్కువన్న ఒకే కారణంతో దీన్ని కొనడం కారుకు చేసే అన్యాయం.

తర్వాతది టఫెటా. పాలిస్టర్ దారంతో నేసిన పలుచని గుడ్డ, లోపలి వైపో బయటి వైపో పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) పూతా వెండిరంగు పూతా ఉంటాయి. సంచి మీద 190టి అని ముద్ర కనబడితే, చదరపు అంగుళంలో నిలువు, అడ్డం దారాలు కలిపి 190 అని అర్థం. ఆ అంకె పెరిగితే నేత దట్టంగా ఉన్నట్టే గానీ, గుడ్డ గాలి ఆడుతుందో లేదో దాన్నిబట్టి తెలియదు. టఫెటా తేలిక, మడిస్తే చిన్న సంచిలో పడుతుంది, త్వరగా ఆరుతుంది. ఆడవాళ్లయినా పెద్దవాళ్లయినా ఒక్కరే వేసుకోగలరు. దాని బలహీనత పూతలోనే ఉంది. వేడీ తేమా కలిసిన వాతావరణంలో కొన్ని రకాల పీయూ పూతలు నీటితో చర్య జరిపి విడిపోతాయి. గుడ్డ జిగటగా మారి, అదో రకం వాసన వస్తుంది. వెండి పూత ఎండకు పొడిగా రాలుతుంది. ఆ పొడి వేలికి అంటుతోందంటే కవరు ఆయుష్షు తీరిందని అర్థం. ఇంకా వాడితే పొడంతా రంగు మీద రుద్దుకుంటుంది.

చెన్నై దుకాణాల్లో మ్యాటీ పేరుతో అమ్మేది టఫెటా కంటే దళసరి నేత. గట్టిదే, గాలికి అంతగా రెపరెపలాడదు. బరువూ ఎక్కువే, తడిస్తే ఇంకా ఎక్కువ, ఆరడానికి చాలాసేపు పడుతుంది. ఎండలో నిలిచే కారుకు, వాన తక్కువగా ఉండే నెలల్లో ఇది మంచి ఎంపిక. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, రోజుల తరబడి తడిగానే ఉండిపోతుంది. చెన్నైకి ఏడాదిలో కురిసే సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం ఈ మూడు నెలల్లోనే పడుతుందని మరవకూడదు.

నేయకుండా, పాలీప్రొపిలీన్ పోగులను వేడితో అతికించి మూడు పొరలుగా చేసే గుడ్డ ఇంకొకటి. మధ్య పొరలోని పోగులు చాలా సన్నగా ఉండడంవల్ల నీటిబొట్టు దూరలేదు, ఆవిరి మాత్రం దాటగలదు. చెన్నై చెమ్మకు సిద్ధాంతపరంగా సరిపోయేది ఇదే. అయితే పాలీప్రొపిలీన్ ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది. ఎండను తట్టుకునే రసాయనం కలిపారో లేదో అడిగి తీసుకోవాలి. లోపల నూలు పొర ఉన్న కవర్లు కూడా వస్తున్నాయి. రంగుకు మెత్తగా తగులుతాయన్నది నిజమే. కానీ ఆరుబయట వాడితే ఆ నూలే తడిని పీల్చి పట్టుకుంటుంది. వాన పడని చోట, శ్లాబు కింద మాత్రమే నూలు మంచిది.

గుడ్డ ఆవిరిని పోనిస్తుందో లేదో ఇంట్లోనే చూడవచ్చు. గ్లాసులో సగం వేడినీళ్లు పోసి, మూతికి కవరు గుడ్డను బిగుతుగా కట్టి, పైన చల్లటి స్టీలు పళ్లెం కొద్ది ఎడంగా పట్టాలి. అయిదు నిమిషాల్లో పళ్లెం అడుగున మసక పడితే ఆవిరి దాటుతున్నట్టు. పడకపోతే ఆ కవరును చెన్నైలో ఆరుబయట వాడవద్దు. కొనేముందు దుకాణంలో చిన్న ముక్క అడిగితే ఇచ్చేవారున్నారు, అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

వేయడంలో మెలకువ

కొలత విషయంలో సర్దుకుపోవడం పనికిరాదు. మీడియం, లార్జ్ అని అమ్మే కవరు కంటే కారు మోడలు పేరుతో కుట్టినది మేలు. వదులుగా ఉన్న గుడ్డ గాలికి ఊగుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యే ఊళ్లో ఆ ఊగడం రోజూ గంటల తరబడి సాగుతుంది. అద్దాలకు జేబులు, అంచు చుట్టూ ఎలాస్టిక్, కారు పొట్ట కింద నుంచి బిగించే పట్టీలు ఉండాలి. పట్టీల బకిల్ లోహంతో చేసిందైతే వేసేటప్పుడు తలుపుకు తగిలి గీత పడుతుంది, ప్లాస్టిక్‌ది తీసుకోవాలి. వీధిలో నిలిపేవారు నంబరు ప్లేటు దగ్గర పారదర్శక కిటికీ ఉన్నది చూసుకోవడం మంచిది. రోజుల తరబడి దుమ్ము పట్టి, నంబరు కనబడకుండా ఉన్న కారును ఎవరో వదిలేసి పోయారనుకునే అవకాశం ఉంది.

కవరు గురించి ఒకే ఒక్క మాట చెప్పమంటే ఎక్కువమంది నిపుణులు చెప్పేది దుమ్ము గురించే. వీధి దుమ్ములో ఇసుకరేణువులుంటాయి, వాటిలోని క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది. దుమ్ము పట్టిన కారు మీద కవరు లాగడమంటే గరుకు కాగితంతో తోమడమే. ఎండలో పక్కవాటుగా చూస్తే కనబడే సాలెగూటి గీతలు చాలావరకు ఇలా పడ్డవే. వాటిలో మరో పెద్ద వాటా, నెలజీతానికి రోజూ పొద్దున్నే కారు తుడిచే మనిషి చేతిలోని బట్టది. ఒక బకెట్టు నీళ్లు, ఒకే బట్ట, వరుసగా పది కార్లు. మొదటి కారు ఇసుక పదో కారుకు చేరుతుంది. ఆ మనిషి తప్పేం లేదు, అతనికి ఎవరూ వేరే పద్ధతి చెప్పలేదు. ఎవరి కారుకు వారు రెండు మైక్రోఫైబర్ బట్టలు ఇచ్చి, తుడిచేముందు బకెట్టులోని పాత నీళ్లు పారబోసి కొత్తవి పట్టమంటే చాలు, చేసిపెడతారు.

కారు శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడే కవరు వేయాలి. ఇంటికి రాగానే వేయకుండా అరగంట ఆగాలి. పొగగొట్టం వేడికి పాలీప్రొపిలీన్ గుడ్డ సులువుగా కరుగుతుంది, అది సుమారు 165 డిగ్రీలకే కరిగే పదార్థం. పాలిస్టర్ ఇంకాస్త తట్టుకుంటుంది. తీసేటప్పుడు కిందికి లాగకుండా, రెండు పక్కలనుంచీ పైకప్పు మీదికి మడిచి, ముందునుంచి వెనక్కి చుట్టుకుంటూ రావాలి. అప్పుడు దుమ్ము పట్టిన పైవైపు లోపలివైపును తాకదు, మళ్లీ వేసేటప్పుడు విప్పుకుంటూ పోతే సరిపోతుంది. వాన వెలిసిన రోజు కవరు తీసి, రెండు వైపులా నీడలో ఆరబెట్టాలి. తడి కవరును డిక్కీలో కుక్కితే మర్నాటికి బూజు వాసన కారంతా పాకుతుంది. ఉతకడానికి కొద్దిపాటి సబ్బునీరు చాలు. బట్టలను మెత్తబరిచే ద్రావణాలు వాడితే గుడ్డ మీది నీటిని విదిల్చే గుణం పోతుంది.

ఎలుకల సంగతి వేరే చెప్పాలి. చెన్నై వీధి కాలువల్లో పందికొక్కులు బాగా ఎక్కువ. నేలదాకా జారిన కవరు వాటికి చీకటినీ చాటునూ ఇస్తుంది. ఇంజను గదిలో దూరి తీగలు కొరికితే వచ్చే ఖర్చు ముందు కవరు ధర లెక్కలోకి రాదు. పది రోజులు ఊరెళ్లేవారు కారులో తినుబండారాల నలుసు కూడా మిగల్చకూడదు. పక్కింటివారికో వాచ్‌మన్‌కో చెప్పి రెండు మూడు రోజులకోసారి బానెట్టు ఎత్తి చూడమనడం అన్ని మందులకంటే నమ్మకమైన పద్ధతి. కవరు అంచు నేలకు జానెడు పైన ఉంటే చాలు, గాలీ ఆడుతుంది.

దీపావళి రాత్రి వీధిలోని కారుకు కవరు ఉండకూడదు. కారుకు రక్షణ అనుకుని చాలామంది ఆ రోజే ప్రత్యేకంగా కప్పుతారు. తమిళనాడులో బాణసంచాకు పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట అని వేళలు పెట్టినా నిప్పురవ్వలు ఆ లెక్కన ఎగరవు. కాకరపువ్వొత్తి మంట వేడి వెయ్యి డిగ్రీల దాకా ఉంటుంది, పాలిస్టర్ 260 డిగ్రీలకే కరుగుతుంది. ఒట్టి రంగు మీద పడ్డ రవ్వ జారి చల్లారిపోయే అవకాశముంది. కవరు మీద పడితే గుడ్డ కరిగి రంగుకు అంటుకుంటుంది, ఆ గుడ్డకే నిప్పు రాజుకుంటే కారంతా మంటల్లో చిక్కుకుంటుంది. ఆ రాత్రికి వీలైతే కారును లోపల పెట్టుకోవాలి, లేకపోతే కవరు తీసి ఉంచాలి.

తుపాను ముందు చేయవలసిందీ అదే. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో వేల చెట్లు కూలాయి. కొమ్మ విరిగి పడితే ఏ కవరూ ఆపలేదు. ఆ గాలికి పట్టీలు తెంచుకున్న కవరు పక్క కారును కొట్టి, తీగలకు చుట్టుకుని ఇంకో ప్రమాదం తెస్తుంది. వరద సంగతి మరీ స్పష్టం. 2015, 2023 డిసెంబరు నెలల్లో మునిగిన కార్లలో కవరున్నవీ లేనివీ ఒక్కలాగే మునిగాయి. 2024 అక్టోబరులో భారీ వర్ష సూచన రాగానే వేలచ్చేరి వాసులు తమ కార్లను ఫ్లైఓవరు మీద వరుసగా నిలిపింది ఆ అనుభవంతోనే. హెచ్చరిక వచ్చిన సాయంత్రమే కవరు విప్పి ఇంట్లో పెట్టి, కారును మిట్టకు చేర్చాలి. మోకాలి లోతు నీళ్లు వచ్చాక వంగి పొట్ట కింది బకిళ్లు వెతుక్కోవడం కుదరదు. నీళ్లు కారులోకి వచ్చి తగ్గితే, ఇంజను స్టార్ట్ చేయకుండా మెకానిక్‌కు చూపించాలి. తివాచీలు బయటికి తీసి, తలుపులు తెరిచి, సీట్లూ నేలా పూర్తిగా ఆరేదాకా, అది వారం పట్టినా సరే, కవరు జోలికి పోకూడదు.